లండన్ డాక్‌లాండ్స్ కూలీల కుటుంబాలు ఏమయ్యాయి? తెలిసినవాళ్ళు చెప్పండి

మాది చాదర్‌ఘాట్. కాలేజీలో లండన్ డాక్‌లాండ్స్ మీద, అంటే థేమ్స్ నది ఒడ్డున ఉన్న పాత ఓడరేవుల ప్రాంతం మీద, ప్రాజెక్టు చేస్తున్నాను. పెద్ద కంటైనర్ ఓడలు అక్కడిదాకా రాలేక సరుకంతా సముద్రానికి దగ్గరగా ఉన్న టిల్‌బరీ రేవు వైపు మళ్ళింది, 1981 నాటికి ఊళ్ళోని రేవులు మూతపడ్డాయి. 1987లో డ్రైవర్ లేని రైలు, 1991లో బ్యాంకుల ఆఫీసులుండే కేనరీ వార్ఫ్ టవర్ వచ్చాయి. ఇదంతా పుస్తకాల్లో ఉంది. మూటలు మోసినవాళ్ళ సంగతే సరిగ్గా దొరకడం లేదు. ఆ బ్యాంకుల్లో వాళ్ళ పిల్లలకి ఉద్యోగాలు వచ్చాయా? అద్దెలు పెరిగాక ఎక్కడికి పోయారు? 2024లో మా మూసీ ఒడ్డున కూల్చబోయే ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పటినుంచి నాకు ఇదే టెన్షన్. లండన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు, ప్లానింగ్ చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. డాక్‌లాండ్స్ వార్డులవారీ జనాభా లెక్కలు ఎక్కడ చూడాలో చెప్పినా చాలు.