పంట మధ్యలో కెర్నెల్ మార్చాలా, పట్టుబడి దాకా ఆగాలా?

భీమవరం రైతు: మా రొయ్యల చెరువు గట్టున చిన్న లైనక్స్ పెట్టె ఉంది. నీటిలో ఆక్సిజన్ చూసి ఏరేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) వేసేది అదే. దాని కెర్నెల్ (పెట్టెను నడిపించే మూల ప్రోగ్రాము) వెర్షన్ 4.14.98. 2019 జూన్‌లో బయటపడిన, నెట్ మీదుగానే పెట్టెను ఆపేయగల ‘శాక్ పానిక్’ లోపం అందులో ఉందని మా మేనల్లుడు అంటున్నాడు. అమ్మినవారేమో, ‘డేటా పోదు, మహా అయితే ఆగిపోతుంది, పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక చూద్దాం’ అంటున్నారు. ఇంకా నలభై రోజులుంది. ఎవరి మాట వినాలి?

పాలకొల్లు: అమ్మినవారి మాటే సబబు. కెర్నెల్ మార్చాక పెట్టె తిరిగి లేవకపోతే బాధ్యత ఎవరిది? కాలువలు కూడా దాళ్వా (రెండో పంట) కోతలయ్యాకే నీళ్లు కట్టేసి బాగు చేస్తారు.

అమలాపురం: గండి పడితే వేసవి దాకా ఆగుతారా అండీ? తెల్లవారుజామున ఏరేటర్లు ఆగితే డేటా భద్రంగానే ఉంటుంది, రొయ్యలే ఉండవు.

అమలాపురం: లోపం ఇదీ. దాడి చేసేవాడు తనకు నెట్‌లో పంపే డేటా ఒక్కో ముక్క 48 బైట్లు మించకూడదని పెట్టెకు చెబుతాడు. టీసీపీ ఆప్షన్లు (ముక్కతోపాటు వెళ్లే అదనపు వివరాలు) పోను డేటాకు మిగిలేది 8 బైట్లు. కెర్నెల్ ఒక బఫరులో 32 కిలోబైట్ల ఖండాలు 17 దాచగలదు. 8 చొప్పున కోస్తే 69,632 ముక్కలు. లెక్కపెట్టే గడిలో పట్టేది 65,535. గడి పొంగగానే, లెక్క తప్పిందని చూసి కెర్నెల్ తనంతట తానే ఆగిపోతుంది; దాన్నే పానిక్ అంటారు.

పాలకొల్లు: లెక్క ఒప్పుకుంటాను. కానీ ముందు పెట్టెతో కనెక్షన్ కలవాలి కదా. చెరువు గట్టుతో ఎవరికి పగ?

అమలాపురం: పగ ఎందుకు? తెరిచి ఉన్న పోర్టుల (నెట్ నుంచి పెట్టెలోకి వచ్చే ద్వారాల) కోసం ఇంటర్నెట్ అంతా వెతికే ప్రోగ్రాములకు చెరువని తెలియదు. ఈరోజే కెర్నెల్ మార్చమని నేనూ అనను. టీసీపీ శాక్ (ఏ ముక్కలు అందాయో చెప్పి, పోయినవే మళ్లీ పంపించుకునే పద్ధతి) అమరికను 0 చేయండి, రీస్టార్ట్ అక్కర్లేదు. సిగ్నల్ బాగాలేనప్పుడు డేటా కాస్త నెమ్మదిస్తుంది, అంతే. పట్టుబడి అయ్యాక 4.14.127 గానీ ఆపైది గానీ వేయించండి.

భీమవరం రైతు: చూశాను. అమ్మినవారు దూరం నుంచి చూసుకోవడానికి పోర్టు తెరిచే ఉంచారట! మూయించాను. శాక్ కూడా ఆపాను.

రాజోలు: ఇద్దరూ అసలుది వదిలేశారు. పానిక్ అయితే ఇన్ని సెకన్లకు తిరిగి మొదలవమని ముందే చెప్పకపోతే, చాలా పెట్టెలు అలాగే స్తంభించిపోతాయి. రిలే (ఏరేటర్లను ఆన్, ఆఫ్ చేసే విద్యుత్ స్విచ్చు) ఆ క్షణంలో ఎలా ఉంటే అలాగే ఉండిపోవచ్చు. ‘ఆఫ్’లో ఉంటే? కెర్నెల్ పానిక్ అమరికను 10 చేయండి, పది సెకన్లకు రీస్టార్ట్ అవుతుంది. పెట్టె పలకకపోతే ఏరేటర్లు వాటంతట అవే తిరిగేలా ఎలక్ట్రీషియన్ చేత వైరింగ్ మార్పించండి. ఈ రాత్రికి మాత్రం స్విచ్చు దగ్గర మనిషిని పడుకోబెట్టండి.