బాలు గారి పేరు ముందు ‘కీ.శే.’ రాయాలా, వద్దా?

విజయనగరం నుంచి:
ఈమధ్య కాలంలో పోయిన సంగీతకారుల పాటలతో ఒక సాయంత్రం గడుపుదామని మా మిత్రుల ఆలోచన. బాలు, వాణీ జయరామ్, జాకిర్ హుస్సేన్, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్, మన ఉద్యమ పాటల వంగపండు. గంటస్తంభం దగ్గర ఫ్లెక్సీ చేయించడానికి వెళ్తే, డిజైన్ చేసే కుర్రాడు అడక్కుండానే అయిదు పేర్ల ముందూ ‘కీ.శే.’ తగిలించి, పైన ఎర్రరంగులో ‘మూగబోయిన గళాలు’ అని వేసేశాడు. ‘తబలాకి గళమేటి బాబూ’ అన్నాడు మావాడొకడు. ఇంకొకడు కీ.శే. మొత్తం తీసేయాలని పట్టు పట్టాడు. పొద్దున్నే టీకొట్లో బాలు పాట వింటున్నాం కదా, మిగిలింది కీర్తి ఒక్కటేనా అని వాడి వాదన. ఏం రాయాలో చెప్పండి, రేపు ప్రింటుకి ఇవ్వాలి.

బొబ్బిలి నుంచి:
కీర్తిశేషుడు బహువ్రీహి సమాసం. కీర్తి శేషంగా కలవాడు, అంటే మనిషి పోయి కీర్తి మిగిలినవాడు. సంస్కృతంలో కథాశేషుడు, నామశేషుడు కూడా ఇదే వరసలో వస్తాయి. కానీ తెలుగులో నామశేషం గతి చూడండి. ‘పేరు మిగిలింది’ అని చెప్పాల్సిన మాట ‘సర్వనాశనమైంది’ అనే అర్థంలో స్థిరపడిపోయింది. కీర్తిశేషుడు ఆ గండం తప్పించుకున్నాడు. ఇక వాణీ జయరామ్‌కి విడిగా రాస్తే కీర్తిశేషురాలు అనాలి. గౌరవానికి కీర్తిశేషులు అంటే ఎవరికైనా సరిపోతుంది. కీ.శే. అని కుదించేస్తే ఆ తంటా కూడా లేదు.

రాజాం నుంచి:
‘పరమపదించారు’ అని వేయండి సార్, నిండుగా ఉంటుంది.

బొబ్బిలి నుంచి:
పరమపదం అంటే వైకుంఠం. అన్నమయ్య సంకీర్తనలతోనే బతికిన గరిమెళ్ల వారికి అతికినట్టు ఉంటుంది. జాకిర్ హుస్సేన్‌కి ఎలా వేస్తారు? స్వర్గస్థులు అన్నా అదే చిక్కు. వంగపండుకైతే స్వర్గం, వైకుంఠం రెండూ నప్పవు.

పార్వతీపురం నుంచి:
ఆయనది మా పక్కనే పెదబొండపల్లి. 2020 ఆగస్టు 4న గుండెపోటుతో పోయారు. మా వైపు ఇలాంటి పాటగాళ్ళకి ‘జోహార్’ అంటాం, అంతే. ‘అమరుడు’ అనేవాళ్ళూ ఉన్నారు. చావు లేనివాడని దాని అర్థం, వాడేదేమో చనిపోయినవాళ్ళకే! అయినా మా చెవికి ఆ మాట ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్ళదే. దాన్ని అందరికీ పంచేయడం నాకు నచ్చదు.

నరసన్నపేట నుంచి:
మీరంతా రాతలో మాటలే చెబుతున్నారు. బాలు పోయిన రోజు కరోనా టైం, అందరం ఇంట్లోనే ఉన్నాం. టీవీలో వార్త వచ్చేసరికి మా మామ్మ చింతపండులో గింజలు తీస్తోంది. చెయ్యి ఆపి, తెర మీద ఆయన మొహం చూసి ‘ఎలిపోనావేటి నాయినా’ అంది. ‘ఎలిపోనాడు’ అని మాతో చెప్పలేదు, ఆయన్నే అడిగింది. మా వైపు శోకాలన్నీ అంతే, పోయినవాళ్ళతోనే మాట్లాడతాయి. ‘రాగాలు పెట్టి ఏడవడం’ అనేది దీన్నే కదా. కచేరీలో తీసేదీ రాగమే, శవం దగ్గర పెట్టేదీ రాగమే. ఫ్లెక్సీ మీదకి ఇది పనికిరాదని తెలుసు, చెప్పాలనిపించి చెప్పాను.

శ్రీకాకుళం నుంచి:
కీ.శే.కి గడువు ఉంటుంది, గమనించారా? ‘కీ.శే. త్యాగయ్య’ అని ఎవరూ రాయరు. మీ ఊళ్ళో సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. 1945లో పోయారు, ఆయనకీ ఎవరూ పెట్టరు. అక్కడే చదువుకున్న ఘంటసాల 1974లో పోయారు. ఆయన పేరు ముందు ఇప్పుడు కీ.శే. చూస్తే నాకైతే ఎబ్బెట్టుగానే ఉంటుంది. మనిషిని ఎరిగినవాళ్ళు ఉన్నన్నాళ్ళే ఆ రెండక్షరాలు నిలుస్తాయి, తర్వాత వాటంతటవే రాలిపోతాయి. ఇంట్లో ఉన్న శుభలేఖ ఏదైనా తీసి చూడండి. ‘కీ.శే. ఫలానా గారి మనుమడు’ అని ఉంటుంది. కీ.శే. ఎక్కువగా కనిపించేది అక్కడే.

విజయనగరం నుంచి:
శుభలేఖ మాటతో నా అనుమానం తీరింది. మా తాతకి రాసుకున్న మాటే బాలుకి రాస్తే ఆయన్ని దూరం పెట్టినట్టు ఎలా అవుతుంది? పైగా అందులో ఏ మతం స్వర్గమూ లేదు, జాకిర్‌కీ చెల్లుతుంది. మావాడు ఇంకా ఒప్పుకోలేదు, వాడి మానాన వాణ్ణి వదిలేశాం. వంగపండు పేరు దగ్గర మాత్రం కీ.శే. తీయించి ‘జోహార్’ పెట్టించాను. ‘మూగబోయిన గళాలు’ పీకేయించాను. హెడ్డింగులకి పత్రికలవాళ్ళు వాడుకుంటే వాడుకోనీండి. స్పీకర్లు అద్దెకి తెచ్చి మరీ వినిపించే గొంతుని మూగబోయిందంటే జనం నవ్వుతారు. అడుగున ‘ఘన నివాళి’ ఉంచొచ్చా?

బొబ్బిలి నుంచి:
నివాళి అంటే హారతి. దేవుడికీ ఇస్తారు, పెళ్ళికొడుక్కీ ఇస్తారు. మంచి మాటే, ఉంచండి. ‘ఘన’ మాత్రం రాజకీయ నాయకుల ఫ్లెక్సీలకి వదిలేయండి.

విజయనగరం నుంచి:
సరే, తీసేశాం. మిగిలిన జాగాలో పుట్టిన సంవత్సరాలు వేయిస్తున్నా. వంగపండు 1943, వాణీ జయరామ్ 1945, బాలు 1946, గరిమెళ్ల 1948, జాకిర్ 1951. తప్పేమైనా ఉంటే రాత్రిలోపు చెప్పండి, షాపువాడు పొద్దున్న తొమ్మిదికే మిషన్ ఎక్కించేస్తాడట.