ఎముకలు లేని జీవి ఇసుకరాయిలో అచ్చుగా ఎలా మిగిలింది?

కళింగపట్నం ఒడ్డున పడిన జెల్లీఫిష్ ఎండకు చూస్తుండగానే నీరుకారిపోతుంది. మరి దక్షిణ ఆస్ట్రేలియాలోని ఈడియాకరా కొండల్లో 1946లో భూగర్భ శాస్త్రవేత్త రెగ్ స్ప్రిగ్ గుర్తించిన మెత్తని జీవుల ముద్రలు సుమారు 55 కోట్ల ఏళ్లు ఎలా నిలిచాయి? అదీ బురదలో కాదు, ఇసుకలో! డికిన్‌సోనియా అనే జీవి ఒంటిమీది గాడులు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

తుపాను ఇసుక జీవులను కప్పేశాక, సముద్రపు అడుగున పరుచుకున్న సూక్ష్మజీవుల పొర వల్ల ఇనుప సల్ఫైడు ఏర్పడి ముద్రను గట్టిపరిచిందని ఒక వివరణ. నీటిలో కరిగిన సిలికా (ఇసుకలో ప్రధానంగా ఉండే పదార్థం) ఇసుక రేణువులను త్వరగా అతికించిందని మరొకటి. అప్పటి సముద్రాల్లో సిలికా ఇప్పటికంటే చాలా ఎక్కువ కాబట్టి నాకు రెండోదే బలంగా తోస్తోంది. కానీ శరీరం కుళ్లిపోయేలోపే ఇసుక అంత గట్టిపడగలదా? లేక రెండూ కలిసి పనిచేశాయా?

భూగర్భశాస్త్రం తెలిసినవారు దయచేసి వివరించండి. శ్రీకాకుళంలో మా తొమ్మిదో తరగతి పిల్లలు పట్టుబట్టి అడుగుతున్నారు. తరగతిలో చేసి చూపగల ప్రయోగం ఏదైనా ఉంటే అదీ చెప్పండి.