మా ఆవిడ పేరున ఏది చేస్తే నిలుస్తుంది? సలహా చెప్పండి

కండక్టర్, పి.గన్నవరం:
అందరికీ నమస్కారం. ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. మా ఆవిడ ఏఎన్ఎం. లంక ఊళ్ళలో అందరూ నర్సమ్మ అనే పిలిచేవారు, అసలు పేరు చాలామందికి తెలీదు. బుధవారం, శనివారం టీకాల రోజులు. ఐసు ప్యాకులు సర్దిన పెట్టె భుజానికి తగిలించుకుని రేవు దాటి వెళ్ళేది. వరదొచ్చినా పడవ కట్టించుకుని వెళ్ళిన మనిషి.

వచ్చే మాఘంలో సంవత్సరీకం. ఆవిడ రిటైర్మెంటు డబ్బు నాలుగు లక్షలు ముట్టుకోకుండా ఉంచాను. అన్నవరంలో శాశ్వత అన్నదానానికి కట్టేద్దామని అబ్బాయి, బస్ షెల్టర్ కట్టిద్దామని బావమరిది. నా మనసు మాత్రం టీకాలు వేసే ఆరోగ్య సబ్ సెంటర్ మీదుంది. టీకాల రోజు చంటిబిడ్డల తల్లులు చింతచెట్టు కింద నేల మీదే కూర్చుంటారు. "వీళ్ళకో నీడ ఉంటే బాగుణ్ణండీ" అని ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉండేది. షెడ్డు వేయించి, కూర్చోడానికి అరుగులు కట్టిద్దామని ఉంది. నా తర్వాత కూడా అది ఉండాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

రావులపాలెం నుంచి:
బాబాయిగారూ, మా నాన్నగారి పేరున అమ్మ మంచినీళ్ళ ప్లాంటు పెట్టించింది. మొదట్లో ఊరంతా బిందెలతో వచ్చేవారు. ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చాల్సి వచ్చినప్పుడు డబ్బు ఎవరూ తియ్యలేదు. ఇప్పుడు తాళం. తలుపు మీద నాన్న పేరు చూడలేక అమ్మ ఆ వీధిన వెళ్ళడం మానేసింది. దయచేసి ఉన్నదంతా కట్టుబడికే పెట్టకండి. ఒక లక్ష ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి ఆరేడు వేలొస్తాయి. సున్నం, చిన్న రిపేర్లు దాంతో గడుస్తాయి.

సివిల్ మేస్త్రి, రాజోలు:
బస్ షెల్టర్ వద్దండి. రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేది అదే. షెడ్డుకి ముందుగా పంచాయతీ తీర్మానం, డాక్టరుగారి అనుమతి కాగితం మీద తీసుకోండి. లంక ఊరు కాబట్టి పునాది విషయంలో రాజీ పడొద్దు. 1986 వరద నీళ్ళు ఎంతవరకొచ్చాయో పెద్దవాళ్ళనడిగి, అరుగు అంతకంటే ఎత్తులో కట్టండి. 2022లో మునిగినవన్నీ పల్లంలో కట్టినవే. ఇనప బల్లలు తుప్పు పడతాయి, కడప బండలు పరిపించండి. పేరు రంగుతో రాయించకండి, గ్రానైటు మీద చెక్కించండి.

ఏఎన్ఎం, అంబాజీపేట:
అన్నయ్యగారూ, నమస్కారం. టీకా వేశాక బిడ్డని అరగంట అక్కడే ఉంచి చూడాలి, దద్దుర్లో ఆయాసమో వస్తే వెంటనే తెలియాలని. కూర్చోడానికి చోటు లేక తల్లులు వెంటనే వెళ్ళిపోతారు, మాకు అదే భయం. మీరు కట్టేది ఆ అరగంటకి పనికొస్తుంది. ఒక మూల అడ్డుగోడ పెట్టించండి, బిడ్డకి పాలివ్వడానికి. చేతులు కడుక్కోడానికి కుళాయి కూడా.

కండక్టర్, పి.గన్నవరం:
అమ్మా, అరగంట సంగతి ఆవిడ నోటా విన్నాను, షెడ్డుతో కలిపి ఆలోచించలేదు. ఇంక షెడ్డే. లక్ష డిపాజిట్ వేస్తాను, నామినీగా అబ్బాయి. వాడి మాటా కాదనను. డొక్కా సీతమ్మగారి గడ్డ మీద పుట్టి అన్నదానం వద్దనలేను, అన్నవరంలో తిథి రోజుకి కొంత కడతాం. రాయి మీద అసలు పేరు కింద "నర్సమ్మ" అని కూడా చెక్కిస్తాను, లంకవాళ్ళకి తెలిసింది అదే కదా. మేస్త్రిగారూ, ఎనిమిది మంది తల్లులు కూర్చునే కొలతకి రెండున్నర లక్షలు సరిపోతాయా? అడ్డుగోడ, కుళాయి కలుపుకుని చెప్పండి.