ఇంటర్వ్యూలో కళ్లలోకి చూస్తేనే ఆత్మవిశ్వాసం ఉన్నట్టా? (ఆటిజం, ఉద్యోగ ప్రయత్నాలు)

మెల్లగా_వస్తా
అందరికీ నమస్కారం. నాకు 26 ఏళ్లు. ఆటిజం ఉందని 22వ ఏట తెలిసింది. పెద్ద పెద్ద పట్టికల్లో తప్పులు వెతికి సరిచేసే పని నాకు బాగా వచ్చు, ఇష్టం కూడా. ఏడాదిన్నరలో 11 ఇంటర్వ్యూలకు వెళ్లాను. 9 చోట్ల రాత పరీక్ష పాసయ్యాను. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం నాకు కష్టం, అందుకని ఎదురుగా కూర్చుని మాట్లాడే దగ్గరే ఆగిపోతున్నాను. ఎందుకు తీసుకోలేదని అడిగితే ఎక్కువమంది ఒకటే మాట రాశారు: "ఆత్మవిశ్వాసం కనిపించలేదు."

రోజూ గంటసేపు అద్దంలో నా కళ్లలోకి నేనే చూస్తూ మాట్లాడమని ఒక కౌన్సెలర్ చెప్పారు. మూడు వారాలు చేశాను. తలనొప్పి వచ్చింది కానీ తేడా ఏమీ తెలియలేదు. ఇంకా చేయాలా? వరసగా వద్దంటున్నప్పుడు మీ మీద మీకు నమ్మకం పోకుండా ఎలా చూసుకుంటున్నారు?

నాన్న_డైరీ
బాబూ, ఆపొద్దు. మూడు వారాలు చాలా తక్కువ. మా అబ్బాయికి 24, వాడికీ ఆటిజం ఉంది. రోజూ సాయంత్రం 40 నిమిషాలు నేను ఇంటర్వ్యూ చేసేవాడినై వాడి ఎదురుగా కూర్చుంటాను. సూటిగా కళ్లలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడమంటాను, అవతలివాళ్లకు తేడా తెలియదు. మొదట్లో రెండు సెకన్లు కూడా చూసేవాడు కాదు, ఇప్పుడు జవాబు పూర్తయ్యేదాకా చూస్తున్నాడు. లోకం మనకోసం మారదు బాబూ. సాధన చేస్తే ధైర్యం అదే వస్తుంది.

చిన్నఅక్షరాలు
కనుబొమల మధ్య చూడటం నాకు పనికొచ్చింది.

రాత్రి_షిఫ్ట్
నేను దీనికి ఒప్పుకోను. నాకూ ఆటిజం ఉంది, 34 ఏళ్లు. ఈ సాధన రెండేళ్లు చేశాను. మూడు సెకన్లు చూడటం, ఒక సెకను పక్కకు తిప్పడం, మళ్లీ మూడు సెకన్లు. మనసులో లెక్కపెడుతూ కూర్చుంటే ఎదుటివాళ్లు ఏం అడిగారో సగమే వినపడేది. అయినా ఉద్యోగం వచ్చింది. ఏడు నెలలు చేశాను. రోజంతా ముఖం, గొంతు, చేతులు అన్నీ అదుపులో పెట్టుకుని, ఇంటికొచ్చి చీకటి గదిలో పడుకునేదాన్ని. ఎనిమిదో నెలలో మాట రావడం ఆగిపోయింది. మళ్లీ మామూలు మనిషిని కావడానికి ఏడాదికి పైగా పట్టింది.

దీన్నే మాస్కింగ్ (ఆటిజం కనపడకుండా ముసుగు వేసుకోవడం) అంటారు. ఎవరో మెచ్చుకున్నా, ఆ మెప్పు నా ముసుగుకే గానీ నాకు కాదు. అందులోంచి నమ్మకం ఎలా పుడుతుంది? ఆయన అడిగింది నమ్మకం గురించి. మీరు చెప్పింది కళ్ల గురించి.

ఎంపిక_గది
14 ఏళ్లుగా ఇంటర్వ్యూలు చేస్తున్నాను కాబట్టి ఉన్నది చెబుతాను. మనిషి వచ్చి కూర్చున్న కొద్ది నిమిషాల్లోనే మాకు ఒక అభిప్రాయం పడిపోతుంది. కళ్లు తిప్పుకుంటే ఏదో దాస్తున్నారేమో అనిపిస్తుంది. అది న్యాయం అనడం లేదు, అక్కడ జరిగేది చెబుతున్నాను. నాన్న_డైరీ గారు చెప్పిన చిట్కా పనిచేస్తుంది.

రాత్రి_షిఫ్ట్
ఎంపిక_గది గారూ, మీరు చెప్పిన దాని మీదే 2017లో ఒక పరిశోధన వచ్చింది. శాసన్ అనే పరిశోధకుడి బృందం చేసింది. ఆటిజం ఉన్నవాళ్లు, లేనివాళ్లు మాట్లాడిన కొద్ది సెకన్ల వీడియోలు ఆటిజం లేనివాళ్లకు చూపించారు. ఆటిజం ఉన్నవాళ్లతో మాట్లాడటానికి, పక్కన కూర్చోవడానికి అంతగా ఇష్టపడలేదు. గొంతు ఒక్కటే వినిపించినా అంతే, ఫొటో ఒక్కటే చూపించినా అంతే. కానీ వాళ్లు అన్న మాటలను కాగితం మీద రాసి ఇస్తే ఆ తేడా పోయింది. అంటే వాళ్లు చెప్పిన విషయంలో లోటు లేదు. మీ ఇంటర్వ్యూల్లో మార్కు పడుతున్నది విషయానికి కాదు.

ఇంకో సంగతి. 2012లో డామియన్ మిల్టన్ అనే ఆయన, తనకూ ఆటిజం ఉంది, ఒక వాదన పెట్టారు. అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుందని, ఒక్క ఆటిజం ఉన్నవాళ్ల లోపం అనడం తప్పని. 2020లో క్రాంప్టన్ బృందం ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ ఎంత నిలిచిందో, అందరూ లేనివాళ్లే అయిన వరసలోనూ అంతే నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. మరి సాధన ఒక్క వైపే ఎందుకు చేయాలి?

కొత్తచెప్పులు
మా తమ్ముడిది కూడా ఇదే కథ. ఇప్పుడు ఇంటర్వ్యూ అంటేనే వద్దంటున్నాడు.

నాన్న_డైరీ
పరిశోధనలు నేనూ చదువుతానమ్మా. 2024లో బ్రిటన్ ప్రభుత్వం కోసం రాబర్ట్ బక్లాండ్ అనే ఎంపీ ఇచ్చిన నివేదిక చూడండి. పనిచేసే వయసున్న ఆటిజం వాళ్లలో పదిమందికి ముగ్గురికే ఉద్యోగం ఉందట. ఇన్ని మాటలు చెప్పే దేశంలోనే పరిస్థితి అలా ఉంటే, "నేను కళ్లలోకి చూడను, మీరే మారండి" అంటే ఎవరు వింటారు? ఆ ముగ్గురిలో మా వాడు ఉండాలి. అందుకే 40 నిమిషాలు.

రాత్రి_షిఫ్ట్
అదే అంకె నేను ఇంకోలా చదువుతాను. సాధన చేయించని అమ్మానాన్నలు ఎక్కడున్నారు? అందరూ చేయిస్తూనే ఉన్నారు. అయినా ఏడుగురు బయటే ఉన్నారంటే లోపం వాళ్ల చూపులో లేదు, ఎంపిక చేసే పద్ధతిలో ఉంది.

ఒక మాట అడుగుతాను. ఆ 40 నిమిషాలు ఎలా ఉంటాయని మీ అబ్బాయిని ఎప్పుడైనా అడిగారా?

నాన్న_డైరీ
నా కొడుకు గురించి మీకేం తెలుసు? వాడు ఆరేళ్లదాకా మాట్లాడలేదు. ఒక్కో మాట నేనూ వాళ్లమ్మా కూర్చుని నేర్పాం. బడిలో పక్కన కూర్చోబెట్టుకోమని ఎంతమందిని బతిమాలామో మీరు చూశారా? ముక్కూ ముఖం తెలియని మనిషి వచ్చి "అడిగారా" అంటే ఎలా ఉంటుంది?

నాకు 61. వాళ్లమ్మ పోయి మూడేళ్లయింది. రాత్రిళ్లు నిద్ర పట్టక నేను ఆలోచించేది వాడి ఆత్మవిశ్వాసం గురించి కాదు. నేను లేని రోజున వాడి చేతిలో జీతం ఉండాలి, అంతే. అది ఉంటే నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

నిర్వాహకులు
ఇద్దరూ కాస్త ఆగండి. ఒకరి ఇంటి విషయాల మీద మరొకరు తీర్పులు ఇవ్వొద్దు.

పాతపెట్టె
ఈ గొడవలో అసలు అడిగిన అబ్బాయి ప్రశ్న పక్కకు పోయింది, దానికి జవాబు రాస్తాను. నాకు 40 దాటాక ఆటిజం ఉందని తెలిసింది. యంత్రాల పటాలు గీస్తాను.

1977లో ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో వివరించాడు. నాలుగు దారులు చెప్పి, అన్నిటికంటే బలమైనది స్వయంగా ఒక పని చేసి నెగ్గడం అన్నాడు. ఎవరో "నీవల్ల అవుతుంది" అనడం దాని తర్వాతే. అద్దం ముందు గంటసేపు నీకు రాని పనే చేస్తే, రోజూ గంటసేపు ఓడిపోవడం సాధన చేసినట్టే కదా తమ్ముడూ. తలనొప్పి రాక ఏమవుతుంది?

ఆ గంట నీకు వచ్చిన పని మీద పెట్టు. తప్పులున్న ఒక పట్టిక తీసుకో, నీ సొంతదైనా, అందరికీ అందుబాటులో ఉన్నదైనా. సరిచేయకముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, ఏ తప్పు ఎలా పట్టుకున్నావు, ఒక్క పేజీలో రాయి. అలాంటివి మూడు తయారు చెయ్. టెంపుల్ గ్రాండిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఆమెకూ ఆటిజం ఉంది, చేసింది ఇదే. పశువులను భయపెట్టకుండా నడిపించే కట్టడాలను రూపొందించిన ఆమె, తనను తాను అమ్ముకోకుండా తన పనిని అమ్మానని చాలాచోట్ల చెప్పారు. మాటలకంటే ముందు తను గీసిన పటాలు చూపించేవారు. బల్ల మీద పటం ఉంటే ఇద్దరి కళ్లూ పటం మీదే ఉంటాయి. నా విషయంలో అక్షరాలా అలాగే జరిగింది. నా ముఖం వైపు ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు, గంట మాట్లాడుకున్నాం.

ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు మెయిల్ పెట్టి అడుగు. ప్రశ్నలు ముందే పంపగలరా, గదిలో ఎంతమంది ఉంటారు, ఎంతసేపు ఉంటుంది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 27వ అధికరణం ఉద్యోగం గురించే. పనిచేసే చోట తగిన సర్దుబాట్లు చేయాలని అందులో ఉంది. నువ్వు దయ అడగడం లేదు.

ఎంపిక_గది
ప్రశ్నలు ముందే ఇవ్వడం మాత్రం కుదరదు. ఒకరికి ఇచ్చి మిగతావారికి ఇవ్వకపోతే అన్యాయం కదా?

రాత్రి_షిఫ్ట్
అందరికీ ఇవ్వండి. అప్పుడు అన్యాయం ఎక్కడిది?

2021లో మారాస్ బృందం ప్రశ్నలు అడిగే తీరునే మార్చి చూసింది. "మీ గురించి చెప్పండి" లాంటి అస్పష్టమైన ప్రశ్నల బదులు ఏం చెప్పాలో స్పష్టంగా తెలిసేలా అడిగితే ఆటిజం ఉన్నవాళ్ల జవాబులు మెరుగయ్యాయి, లేనివాళ్ల జవాబులూ మెరుగయ్యాయి. నన్ను "మీ గురించి చెప్పండి" అంటే పుట్టినప్పటి నుంచి చెప్పాలా, పొద్దున్నుంచి చెప్పాలా అని నిజంగానే తెలియదు. "పోయిన ఏడాది మీరు పట్టుకున్న ఒక తప్పు గురించి చెప్పండి" అంటే పావుగంట చెబుతాను.

ఎంపిక_గది
రెండు రోజులు ఆలోచించాక రాస్తున్నాను. నాలుగేళ్ల క్రితం ఒక అబ్బాయి వచ్చాడు. ఆ విడతలో రాత పరీక్షలో వాడిదే మొదటి స్థానం. గదిలో కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. జవాబులు తప్పు కాదు. నేనే వద్దన్నాను. కారణం రాయాల్సిన చోట "ఆత్మవిశ్వాసం లేదు" అని రాశాను.

నిజం చెప్పాలంటే అది కారణం కాదు. నాకు ఇబ్బందిగా అనిపించింది. నా ఇబ్బంది రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు, అందుకని వాడి మీద రాశాను. మెల్లగా_వస్తా గారూ, మీకు అన్నిసార్లు వచ్చిన మాట అదే. అన్నిచోట్లా ఇలాగే జరిగిందని చెప్పలేను. కానీ ఆ మాటను మీ మీద తీర్పుగా తీసుకోవద్దు. ఎంత తేలిగ్గా రాస్తామో నాకు తెలుసు.

చిన్నఅక్షరాలు
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు.

రాత్రి_షిఫ్ట్
చెప్పినందుకు కృతజ్ఞతలు. ఆ అబ్బాయికి మాత్రం ఇది చేరదు.

నాన్న_డైరీ గారూ, మీ ఇంటి విషయం నేను అడగకూడని తీరులో అడిగాను, క్షమించండి. కానీ మీతో నా తగాదా కళ్ల గురించి కాదని ఇప్పుడు అర్థమవుతోంది. మీ భయం ఉద్యోగం రాదేమోనని. నా భయం వచ్చాక ఏమవుతుందోనని. నేను కూలిపోయినప్పుడు మా ఇంట్లో అన్న మొదటి మాట "వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్నావా" అని. మీ పోస్టులు చదువుతుంటే ఆ గొంతే వినిపించింది. ఆ కోపం కొంత మీ మీద పడింది. అయినా నా అభిప్రాయం మారలేదు. ముసుగుతో వచ్చిన ఉద్యోగాన్ని రోజూ ముసుగుతోనే నిలబెట్టుకోవాలి. అన్నాళ్లు ఎవరూ చేయలేరు.

నాన్న_డైరీ
నిన్న అడిగాను. మా వాడికి నోటితో చెప్పడం కంటే రాయడం నయం, అందుకని నోట్‌బుక్ ఇచ్చాను. ఇలా రాశాడు: "చూడమంటే చూస్తాను. అప్పుడు నువ్వు అడిగింది వినపడదు. ఏది కావాలో చెప్పు నాన్నా."

ఇన్నాళ్లూ జవాబులు తడబడుతుంటే సాధన చాలడం లేదనుకుని నిమిషాలు పెంచాను.

సాధన మాననమ్మా, నా భయం ఎక్కడికీ పోలేదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లందరూ ఎంపిక_గది గారిలా రెండు రోజులు ఆలోచించరు కూడా. కానీ ఈ రాత్రి కళ్ల సంగతి వదిలేసి, పాతపెట్టె గారు చెప్పినట్టు వాడు చేసిన పని ఏదైనా బల్ల మీద పెట్టి దాని గురించే అడిగాను. 40 నిమిషాలు అనుకున్నది గంటా పది అయింది. వాడు లేవలేదు.

కొత్తచెప్పులు
ఆటిజం ఉందని ముందే చెప్పాలా, వద్దా? అది ఎవరూ రాయలేదు.

రాత్రి_షిఫ్ట్
నేను చెబుతాను. చెప్పినందువల్ల రెండు చోట్ల పిలుపు ఆగిపోయింది. అలాంటిచోట చేరి ఏడు నెలల్లో కూలిపోవడం కంటే అదే మేలనుకున్నాను.

పాతపెట్టె
నేను చెప్పను. నాకు కావలసిన సర్దుబాటు ఒక్కటే అడుగుతాను: "గోల ఉంటే సరిగా వినపడదు, నిశ్శబ్దంగా ఉన్న గది ఇవ్వండి." పేరు చెప్పకుండానే పని జరుగుతుంది. ఇందులో ఎవరి దారి వాళ్లది, చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు.

మెల్లగా_వస్తా
అన్నీ చదివాను. వాదన మధ్యలో రాయడం నాకు కష్టం, అందుకే ఆగాను.

అద్దం ముందు సాధన మానేశాను. ఒక పేజీ పత్రాలు రెండు అయ్యాయి, మూడోది రాస్తున్నాను. రాస్తుంటే ఒక పట్టికలో ఇంతకుముందు నేను చూడని తప్పు ఇంకోటి దొరికింది. చాలా రోజుల తర్వాత బాగా నిద్రపట్టింది.

గురువారం ఇంటర్వ్యూ ఉంది. ప్రశ్నలు ముందే పంపమని మెయిల్ పెట్టాను. ఆటిజం అని రాయలేదు, ముందు చదువుకుంటే బాగా చెప్పగలనని మాత్రం రాశాను. ఐదింటిలో మూడు పంపారు. జవాబులు కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం లోపలికి తీసుకెళ్లి చూస్తూ చెప్పవచ్చా?

ఎంపిక_గది
తీసుకెళ్లండి. కూర్చోగానే "నేను రాసుకున్నవి చూస్తూ చెబుతాను" అని ఒక్క మాట అనండి, చాలు.

నాన్న_డైరీ
రెండు ప్రతులు తీసుకెళ్లు బాబూ. ఒకటి వాళ్లకు ఇవ్వు.

రాత్రి_షిఫ్ట్
పెద్ద అక్షరాలతో రాసుకోండి. టెన్షన్‌లో చిన్నవి కనపడవు.

మెల్లగా_వస్తా
సరే. రెండు ప్రతులు, పెద్ద అక్షరాలు. ఇప్పుడే మళ్లీ రాస్తున్నాను.