ఇంగ్లండ్‌లో చెల్టెన్‌హామ్‌లో జరిగే గోల్డ్ కప్‌కి (అడ్డాలు దూకే గుర్రాల పెద్ద రేసు) ఈసారి ఏ గుర్రం మీద ఆశ పెట్టుకోవచ్చు? పాతవాటిల్లో మీ ఫేవరెట్ ఏది?

మలక్‌పేట్_గ్యాలరీ:
అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో పెరిగా, మలక్‌పేట్ రేసులు తప్ప ఇంకోటి తెలీదు, అక్కడంతా ఫ్లాటే కాబట్టి గుర్రం దూకడం అనేది ఎప్పుడూ చూడలేదు. డబ్లిన్ వచ్చాక ఆఫీసులో మార్చి నెలంతా చెల్టెన్‌హామ్ గోలే, వినీ వినీ నేనూ పడిపోయా దీంట్లో. 2025 గోల్డ్ కప్ లైవ్ చూశా. గాలోపాన్ డే షాం మూడోసారి కొట్టేస్తుందని మావాళ్లు ముందే డిసైడైపోయారు, తీరా చూస్తే ఇనోదవేయర్‌థింకిన్ వచ్చి ఆరు లెంగ్తుల (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో ఉతికి ఆరేసింది. ఇప్పుడు కొత్త సీజన్ మొదలవుతోంది కదా, గాలోపాన్ పనైపోయినట్టేనా? ఇంకో డౌట్ ఏంటంటే ఇక్కడ ఎవర్ని కదిపినా ఆర్కిల్ ఆర్కిల్ అంటారు, నిజంగా అంత సీనుందా లేక మన ఊరి గుర్రం అని ఎత్తుతున్నారా?

లెపర్డ్స్‌టౌన్_తెలుగోడు:
వెల్కమ్ బ్రో. గాలోపాన్ పనైపోయింది అంటే నేనొప్పుకోను. 2023, 2024 గోల్డ్ కప్‌లు దానివే, ఐరిష్ గోల్డ్ కప్ అయితే 2023 నుంచి 2025 దాకా వరసగా మూడు, అన్నీ మన డబ్లిన్ లెపర్డ్స్‌టౌన్ రేసుకోర్సులోనే. కాకపోతే 2026 మార్చికి దానికి పదేళ్లు నిండుతాయి, 1998లో కూల్ డాన్ తర్వాత పదేళ్ల గుర్రం ఏదీ గోల్డ్ కప్ కొట్టలేదు, అదొక్కటే నా భయం.

ఇనోదవేయర్‌థింకిన్ స్టోరీ తెలుసా నీకు? అసలు దానికి గోల్డ్ కప్‌లో ఎంట్రీయే లేదు, గ్రాండ్ నేషనల్ (లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో జరిగే ఇంకో పెద్ద రేసు) కోసం దాచారు. చివర్లో 25,000 పౌండ్లు కట్టి దింపారు. ఓనర్ జె.పి. మెక్‌మానస్‌కి 25 వేలు ఒక లెక్కా అనుకో, కానీ ట్రైనర్ గావిన్ క్రామ్‌వెల్ ధైర్యానికి దండం పెట్టాలి, ఎందుకంటే నెల ముందే ఐరిష్ గోల్డ్ కప్‌లో ఇదే గాలోపాన్ దీన్ని ఓడించింది. తేడా ఎక్కడొచ్చిందంటే చెల్టెన్‌హామ్‌లో లాస్ట్ ఫెన్స్ (కొమ్మలతో కట్టిన అడ్డం) దాటాక పైకి ఎక్కాలి, మూడు మైళ్ల పైన పరిగెత్తి 22 ఫెన్సులు దూకి వచ్చిన గుర్రానికి ఆ ఎత్తు దగ్గర ప్రాణం పోతుంది, స్టామినా ఉన్నదే అక్కడ బయటపడుతుంది. నా ఓటు మళ్లీ దీనికే. ఫాక్ట్ టు ఫైల్ కూడా మెక్‌మానస్‌దే, రయనేర్ చేజ్ (చేజ్ అంటే ఫెన్సులు దూకే రేసు) నడుచుకుంటూ గెలిచింది, కానీ అది రెండున్నర మైళ్ల పైచిలుకు రేసు, ఆ పై దూరానికి ఆగుతుందా అన్నదే చూడాలి.

బర్క్‌షైర్_పెద్దాయన:
బాబూ మలక్‌పేట్, ఆర్కిల్‌ది సొంతూరి డబ్బా కాదయ్యా. హ్యాండిక్యాప్ రేసుల్లో మంచి గుర్రానికి ఎక్కువ బరువు పెడతారని నీకు తెలిసిందే. ఆర్కిల్ ఎంట్రీ ఇస్తే చాలు మిగతావన్నీ అట్టడుగు బరువుకి పడిపోయేవి, ఎవరికి ఎంత పెట్టాలో లెక్కే తేలేది కాదు, దాంతో ఐర్లాండ్‌లో రూలే మార్చి రెండు లిస్టులు వేయడం మొదలెట్టారు, ఆర్కిల్ పరిగెత్తితే ఒకటి, పరిగెత్తకపోతే ఇంకోటి. ఒక్క గుర్రం కోసం! 1964, 65, 66 మూడు గోల్డ్ కప్‌లు. గుర్రాలకి రేటింగులిచ్చే టైమ్‌ఫార్మ్ సంస్థ వాళ్లు దానికిచ్చిన 212ని జంప్ రేసుల్లో ఇప్పటికీ ఏదీ దాటలేదు. 1966 డిసెంబర్‌లో ఇంగ్లండ్‌లోని కెంప్టన్ రేసుకోర్సులో కాలి గిట్టలో ఎముక విరిగింది, అలాగే పరిగెత్తి సెకండ్ వచ్చింది, తర్వాత మళ్లీ రేసుకోర్సు ఎక్కలేదు. నువ్వు డబ్లిన్‌లోనే ఉన్నావు కాబట్టి వీలైతే కిల్డేర్‌లో నేషనల్ స్టడ్‌కి (స్టడ్ అంటే గుర్రాల సంతతి పెంచే ఫారం) వెళ్లు, దాని అస్థిపంజరం అక్కడ మ్యూజియంలో పెట్టారు.

నా ఫేవరెట్ మాత్రం డెజర్ట్ ఆర్కిడ్. తెల్ల గుర్రం, దూరం నుంచే గుర్తుపట్టేసేవాళ్లం. దానికి కుడివైపు తిరిగే ట్రాకులే ఇష్టం, కెంప్టన్‌లో కింగ్ జార్జ్ రేసు నాలుగుసార్లు గెలిచింది. చెల్టెన్‌హామ్ ఎడమవైపు తిరుగుతుంది, పైగా 1989 గోల్డ్ కప్ రోజు పొద్దున మంచు, తర్వాత వాన, ట్రాకంతా బురద. యాహూ అనే గుర్రం బురదలోనే పుట్టినట్టు పోతోంది. లాస్ట్ ఫెన్స్ దాటాక కూడా అదే ముందుంది. అప్పుడు ఈ తెల్లది ఒళ్లంతా బురదతో, ప్రాణం పెట్టి లాగి లాగి లెంగ్తున్నర తేడాతో గెలిచింది. ఆ వీడియో చూడు, మిగతావి తర్వాత.

లివర్‌పూల్_పిల్ల:
పెద్దాయన గారూ మీరు చెప్పింది కరెక్టే గానీ రెడ్ రమ్ పేరెత్తకుండా ఈ టాపిక్ ఎలా నడుస్తుందండీ 🙂 గ్రాండ్ నేషనల్ మూడుసార్లు, 1973, 74, 77, మధ్యలో రెండేళ్లూ సెకండ్. ట్రైనర్ జింజర్ మెకెయిన్ సౌత్‌పోర్ట్‌లో కార్లు అమ్ముకునేవాడు, షోరూమ్ వెనకాలే గుర్రాలు, ట్రైనింగ్ సముద్రం ఒడ్డున ఇసకలో. కాళ్ల జబ్బున్న గుర్రానికి ఆ ఉప్పునీళ్లే మందయ్యాయి అంటారు.

కానీ 1973 రేసు చూసినప్పుడల్లా నాకు క్రిస్ప్ మీదే జాలి. ఒక దశలో అది 30 లెంగ్తులు ముందుంది, టీవీలో రెండు గుర్రాలు ఒకే ఫ్రేములో పట్టవు. దాని మీద 12 స్టోన్ల బరువు, రెడ్ రమ్ కంటే 23 పౌండ్లు ఎక్కువ, అంటే పది కేజీల పైనే. లాస్ట్ ఫెన్స్ తర్వాత తాగినోడిలా తూలుతూ ఉంటుంది, రెడ్ రమ్ వచ్చి గీత దగ్గర ముప్పావు లెంగ్తుతో దాటేస్తుంది.

మలక్‌పేట్ అన్నా, హర్డిల్స్ (ఫెన్సుల కంటే చిన్న అడ్డాలు దూకే రేసులు) కూడా ఫాలో అవ్వండి. కాన్‌స్టిట్యూషన్ హిల్‌ని ఎవరూ కొట్టలేరనుకున్నాం, 2025 చాంపియన్ హర్డిల్‌లో పడిపోయింది, సరే స్టేట్ మ్యాన్ గెలిచేస్తోంది అనుకునేలోపు అదీ లాస్ట్ హర్డిల్ దగ్గర పడింది, 25కి 1 ఉన్న గోల్డెన్ ఏస్‌కి దక్కింది రేసు. ఏప్రిల్‌లో ఎయింట్రీలో కాన్‌స్టిట్యూషన్ హిల్ మళ్లీ పడింది. దాని మీద నాకింకా ప్రేమ పోలేదు గానీ డబ్బులు మాత్రం పెట్టను.

విజాగ్_వివేక్:
ఒక మాట అడుగుతా తిట్టకండి. ఇందులో గుర్రాలు చనిపోతాయి కదా, అది తెలిసి ఎలా ఎంజాయ్ చేస్తున్నారు?

లెపర్డ్స్‌టౌన్_తెలుగోడు:
తిట్టడం ఎందుకు, అడగాల్సిందే. చనిపోతాయి. డాన్ రన్ అని ఆడగుర్రం ఉండేది, చాంపియన్ హర్డిల్, గోల్డ్ కప్ రెండూ గెలిచింది అదొక్కటే, 1986లో గోల్డ్ కప్ గెలిచిన కొన్ని నెలలకే పారిస్‌లో ఓటెయ్‌లో రేసులో పడి చనిపోయింది. జాకీలూ పోతారు, 2025 ఫిబ్రవరిలో మైకేల్ ఓసల్లివాన్ పోయాడు, చిన్న వయసు, మరైన్ నేషనల్ మీద 2023లో చెల్టెన్‌హామ్‌లో సుప్రీమ్ అనే హర్డిల్ రేసు గెలిచినవాడు. నెల తిరక్కుండా అదే గుర్రం చాంపియన్ చేజ్ గెలిస్తే ఇక్కడ పబ్బులో ఎవరికీ అరవాలనిపించలేదు. గ్రాండ్ నేషనల్‌లో 40 గుర్రాల్ని 2024 నుంచి 34కి తగ్గించారు, మంచిదే, కానీ దాంతో రిస్క్ పోయిందని ఎవడైనా అంటే నమ్మకు. నేను చూస్తా, కానీ అది తప్పు కాదని నీకు నచ్చజెప్పలేను.

బర్క్‌షైర్_పెద్దాయన:
ఇంకోటి కూడా ఉంది వివేక్ బాబూ. ఫ్లాట్‌లో మంచి గుర్రమైతే మూడేళ్లకో నాలుగేళ్లకో స్టడ్‌కి పంపేస్తారు, డబ్బంతా అక్కడే. ఇక్కడ ఎక్కువ శాతం గెల్డింగులు, విత్తులు కొట్టినవి, స్టడ్ అనే మాటే లేదు. అందుకని ప్రతి చలికాలం అవే తిరిగొస్తాయి. కౌటో స్టార్ 2007లో గోల్డ్ కప్ గెలిచి, 2008లో పక్క గదిలో ఉండే డెన్మన్ చేతిలో ఓడి, 2009లో తిరిగి గెలిచింది, పోయిన గోల్డ్ కప్ మళ్లీ తెచ్చుకున్న గుర్రం అదొక్కటే. 2011లో, ఇక వద్దు రిటైర్ చేసేయండి అని జనం అంటున్న టైములో ఐదో కింగ్ జార్జ్. అన్నేళ్లు చూస్తే ఇంట్లో మనిషైపోతుంది.

మలక్‌పేట్_గ్యాలరీ:
అయ్య బాబోయ్, వీకెండ్ మొత్తానికి వీడియోలు దొరికాయి, థాంక్స్ అందరికీ. క్రిస్ప్ రేసు ఇప్పుడే చూశా, లివర్‌పూల్ చెల్లీ నువ్వన్నది నిజం. మరి లైవ్‌గా చూడాలంటే డబ్లిన్‌లో ఫస్ట్ ఎప్పుడు వెళ్లడం బెటర్?

లెపర్డ్స్‌టౌన్_తెలుగోడు:
లెపర్డ్స్‌టౌన్ క్రిస్మస్ మీటింగ్‌కి రా, డిసెంబర్ 26 నుంచి నాలుగు రోజులు. సావిల్స్ చేజ్ ఉన్న రోజు చూసుకో, గాలోపాన్ 2023, 24 రెండేళ్లూ అది గెలిచింది. స్టాండ్‌లో కూర్చోకు, లాస్ట్ ఫెన్స్ పక్కన రెయిలింగ్ దగ్గర నిలబడు, అవి దూకేటప్పుడు కొమ్మలు విరిగే చప్పుడు, జాకీల అరుపులు అన్నీ వినిపిస్తాయి. మంచి జాకెట్ వేసుకో, కొండ వైపు నుంచి గాలి కోసేస్తుంది. వచ్చేముందు మెసేజ్ పెట్టు, నేనూ అక్కడే ఉంటా.