మునిగే కుర్సురా జలాంతర్గామి నమూనా నిటారుగా నిలబడిపోతోంది, తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి సముద్ర యుద్ధాల తీరు మార్చేసిన ఓడల నమూనాలు చేస్తోంది. 1906 నాటి బ్రిటన్ డ్రెడ్‌నాట్, 1955లో అణుశక్తితో కదిలిన అమెరికా జలాంతర్గామి నాటిలస్ అట్టతో అయిపోయాయి. పది పెద్ద ఫిరంగులు, ఆవిరి టర్బైన్లతో డ్రెడ్‌నాట్ వచ్చేసరికి అంతకుముందు కట్టిన యుద్ధనౌకలన్నీ పాతబడిపోయాయి. నా లెక్కలో అన్నిటికంటే గొప్పది అదే.

ఇబ్బందల్లా మూడోదానితో. విశాఖ ఆర్కే బీచ్‌లో చూసిన కుర్సురాని నీళ్లలో మునిగి తేలేలా చేయాలని పిల్ల పట్టుదల. లీటరు కూల్‌డ్రింక్ సీసాకి అడుగున చిల్లులు పెట్టి, సెలైన్ గొట్టంతో గాలి ఊదుతున్నాం. గాలి వదిలితే నీళ్లెక్కి మునుగుతోంది గానీ, తోక వైపు ముందు దిగిపోయి సీసా నిటారుగా నిలబడుతోంది. ముక్కు దగ్గర బోల్టులు కట్టి చూశాం, ఈసారి ముక్కు మునిగింది.

అసలు జలాంతర్గామిలో ముందూ వెనకా వేర్వేరు ట్యాంకులు పెట్టి బరువు సర్దుతారు కదా, ఇంత చిన్న సీసాలో రెండు గదులు చేయడమెలా? నేవీలో పనిచేసినవాళ్లుంటే దయచేసి చెప్పండి. సన్న గొట్టాలు, చిన్న వాల్వులు విజయవాడలో ఎక్కడ దొరుకుతాయో తెలిసినా చెప్పండి, ఆదివారం వెళ్లి తెచ్చుకుంటాం.